ఏసురాజు చెప్పిన సాక్ష్యం

నిడదవోలు స్టేషను రోడ్డులో ఒకప్పుడు 'ఏసురాజు రేడియో వర్క్స్' అని ఒక కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. బల్ల, స్టూలు, వెనకాల మూడు అరలు, అంతే. వచ్చినవాడు గుమ్మంలో నిలబడే మాట్లాడాలి. కానీ ఆ బల్ల దగ్గర ఏసురాజు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాడంటే, చూడ్డానికి పక్క టీకొట్టువాడు గ్లాసులు కడగడం మానేసి వచ్చేవాడు. ఒక చేత్తో లెడ్డు తీగ, ఒక చేత్తో ఐరన్, ఒక్క తాకు. చుక్క పడేది, గడ్డకట్టేది, అయిపోయేది. చివర్న ఐరన్ కొసని పక్కకి లాగి మిగిలిన లెడ్డు తీసేసేవాడు. అది అతని చేతి అలవాటు. అతను అతికించింది ఊడి తిరిగొచ్చిన రేడియో ఒక్కటీ లేదని ఇప్పటికీ ఆ వీధిలో పెద్దవాళ్ళు చెబుతారు.

రేడియోలు పోయాయి, డబ్బా టీవీలొచ్చాయి. అవీ పోయి గోడకి తగిలించేవి వచ్చాయి. వాటిని బాగుచేయించుకునే ఓపిక ఎవరికుంది? పారేసి కొత్తది కొంటారు. కొట్టు మూసేసిన ఏడాది ఏసురాజు మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. అప్పుడే వాళ్ళ చర్చి సంఘంలో ఒక పెద్దాయన మాట సాయం చేసి, రాజమండ్రిలో ఒక కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పెట్టించాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో మళ్ళీ సంతకం పెట్టాలి. పందొమ్మిదేళ్ళ పాటు అలా పెడుతూనే వచ్చాడు. ఎవరైనా జాలి చూపిస్తే, "మా ఆవిడతో ఒక్కసారే సంతకం అయ్యిందండి, ఈ కాలేజీతో మాత్రం ఏటేటా పెళ్ళే" అని నవ్వేసేవాడు.

ఆ ల్యాబులో స్టీలు పీపాలాంటి యంత్రం ఒకటుంది. లోపలి గాలంతా లాగేసి, లోహాల్ని ఆవిరి చేసి, వేలిగోరంత పలక మీద పొరలా పట్టిస్తారు. తలవెంట్రుక మందంలో అలాంటి పొరలు రెండు వేలు పేర్చొచ్చు. ఆ పొర మీద వరసగా నాలుగు బంగారు తీగలు అతికించాలి. అటూ ఇటూ చివర తీగల్లో కరెంటు పంపి, మధ్య రెండు తీగల దగ్గర ఆ పొర కరెంటుకి ఎంత అడ్డు పడుతోందో కొలుస్తారు. అతికించడానికి వాడేది వెండి పేస్టు. సన్నటి చుక్క పెట్టి, తీగ కొస అందులో దించి, ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. పది నిమిషాలు. ఊపిరి కూడా ఆచితూచి తీసుకోవాలి. పీహెచ్‌డీ చేసే పిల్లలు ఏడుపు మొహాలు పెట్టుకుని వదిలేసిన ఈ పనిని ఏసురాజు కొబ్బరి ఈనె ఒకటి సూదిలా చెక్కుకుని, మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టి, పాట పాడుకుంటూ చేసేవాడు. కాలేజీ వాళ్ళు తెప్పించిన ఖరీదైన పనిముట్టు డ్రాయరులోనే తుప్పు పట్టింది.

ఆ ల్యాబుకే రూబీ వచ్చింది. రూబీ ఏసురాజుకి కొత్త పిల్ల కాదు. వాళ్ళ సంఘంలోనే పుట్టి పెరిగింది. తల్లి రత్నమాణిక్యం అంగన్‌వాడీ ఆయా. తండ్రి చిన్నప్పుడే పోయాడు. సండే స్కూల్లో బైబిలు వచనాలన్నీ మొదట అప్పజెప్పేసి, మిగతా పిల్లల తప్పులు దిద్దుతూ కూర్చునే రకం. ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు తెచ్చుకుని, ఐదేళ్ళ ఫెలోషిప్పు సంపాదించి, ప్రొఫెసర్ త్రిమూర్తులు గారి దగ్గర పరిశోధనకి చేరింది. రోజూ పొద్దున ఏసురాజు, ఆమె ఒకే ప్యాసింజరు ఎక్కేవారు. ఆ ముప్పావుగంటలో ఆమె చదువంతా అతనికి చెప్పేది. వినేవాడు దొరకాలి గానీ ఆ పిల్లకి అలుపుండేది కాదు.

"అంకుల్, తీగలో కరెంటు పోతే తీగ వేడెక్కుద్ది కదా. అడ్డం తగులుతుంది కాబట్టి. కొన్ని లోహాల్ని బాగా చల్లబరిస్తే ఒకచోట ఆ అడ్డు మొత్తం పోద్దండి. తగ్గడం కాదు, సున్నా. దాన్నే సూపర్ కండక్టివిటీ అంటారు."

"మరి నువ్వు చేసేదీ అదే కదా?"

"నేను చేసేది ఇంకో రకం పదార్థం. టోపలాజికల్ సెమీమెటల్. పూర్తిగా లోహమూ కాదు, కానిదీ కాదు. దాని పైపొర మీద మాత్రం కరెంటుకి ప్రత్యేకం దారులుంటాయి. చిన్నచిన్న లోపాలున్నా ఆ దారులు చెడవు. దాన్ని పలచటి పొరగా చేసి చల్లబరిస్తే ఆ దారుల్లో కూడా అడ్డు సున్నా అవుద్దా అని నా గొడవ. అయితే రేపొద్దున కొత్తరకం కంప్యూటర్లకి పనికొస్తుంది."

"అవకపోతే?"

"అవ్వాలి అంకుల్," అంది రూబీ. "నాలుగేళ్ళయిపోయింది."

రైలు గోదావరి బ్రిడ్జి మీదకెక్కింది. చప్పుడులో ఇంకేం వినబడలేదు.

అంత చలిలో కొలిచే యంత్రం రాజమండ్రిలో లేదు. ఉత్తరాదిన ఒక పెద్ద కేంద్రంలో ఉంది. అక్కడ ఆరు నెలలకోసారి మూడు రోజులు ఇస్తారు. వీళ్ళు పొరల్ని డబ్బాలో పెట్టుకుని రెండు రోజులు రైల్లో వెళ్ళి, కొలిపించుకుని రావాలి. అప్పటికి ఏడుసార్లు వెళ్ళింది రూబీ. ఏడుసార్లూ గ్రాఫులో గీత కిందికి దిగుతూ దిగుతూ చివర్న నేలబారుగా ఉండిపోయింది. సున్నాకి పడలేదు.

ఎనిమిదోసారి వెళ్ళింది ఒక నవంబరులో. ఆ రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో చెబితేగానీ మిగతా కథ అర్థం కాదు.

అంతకుముందు వానాకాలం నుంచీ ఏసురాజు కుడి బొటనవేలు వణుకుతోంది. మొదట వేలు, తర్వాత మణికట్టు. వయసు యాభై ఎనిమిది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఒక పేరు పెడతాడు, ఆ పేరు కాగితం మీద కెక్కుతుంది, ఆ కాగితం ఎలాగో ఒకలా కాలేజీకి చేరుతుంది, జూన్‌లో సంతకం ఉండదు. అతని లెక్క అది. కాలేజీలో కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో టీ గ్లాసు గిన్నెలో పెట్టుకుని, ఆ గిన్నె పట్టుకుని తాగేవాడు. భార్య ప్రసన్నకుమారి చూసింది, అడిగింది. "నరాల బలహీనత, తగ్గిపోద్ది" అన్నాడు.

సాయంత్రం ఐదింటికి రూబీ రైలు. మూడు పొరలు తీసుకెళ్ళాలి. రెండింటికి ముందురోజే ఎలాగో తీగలు పెట్టాడు. మూడోది, అన్నిటికన్నా నున్నగా వచ్చినది, మిగిలింది. ఈనెతో వెండి చుక్క పెట్టాడు, తీగ దించాడు, పట్టుకున్నాడు. మూడో నిమిషంలో చెయ్యి కొట్టుకుంది, తీగ లేచిపోయింది. తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లేచింది. మూడోసారి చెయ్యి బల్లకేసి అదిమిపెట్టి, ఎడంచేత్తో మణికట్టు బిగించి పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. అప్పటికి మూడున్నర. రూబీ ప్రయాణానికి కావలసినవి కొనుక్కోవడానికి బజారుకి వెళ్ళింది.

అప్పుడతను కింది డ్రాయరు లాగి, పాత సోల్డరింగ్ ఐరన్, లెడ్డు చుట్ట తీశాడు. ఎన్నేళ్ళయినా ఆ పని చేతికి మరపు రాలేదు. పైగా అందులో పట్టుకుని కూర్చునే పని లేదు. తాకడం, తీసెయ్యడం. రెండు సెకన్లు. వణుకు వచ్చేలోపు అయిపోతుంది. నాలుగు తీగలూ నాలుగు తాకుల్లో అతుక్కున్నాయి. తనని తాను చూసుకుని ముచ్చటపడ్డాడు పాపం. అలవాటు ప్రకారం చివర్న ఐరన్ కొసని పక్కకి లాగాడు, మిగులు తియ్యడానికి. సరిగ్గా ఆ క్షణంలో చెయ్యి అదిరింది. కొస రెండో తీగ దగ్గర్నుంచి మూడో తీగ దాకా జారింది. సన్నటి గీత. స్పిరిట్ దూదితో తుడిచాడు. పొర కూడా వెండిలా మెరిసేదే కాబట్టి గీత ఉందో పోయిందో కంటికి తెలియలేదు. పోయిందనుకున్నాడు. తర్వాత ఒక్కో అతుకు మీదా వెండి పేస్టు కాస్త అద్దాడు, చూడ్డానికి ఎప్పటిలా ఉండాలని.

తప్పు చేశానని అప్పుడతనికి అనిపించలేదు. కరెంటు పోవడానికి అతుకు కావాలి, అతుకు పడింది. రేడియోలో పోలేదా, ఇందులో పోదా? దాచింది చెయ్యి సంగతి, అంతే. అదే అతను మనసుకి చెప్పుకున్న మాట.

రూబీ వచ్చి మైక్రోస్కోపులో చూసి, "అంకుల్, మీకు గుడి కట్టాలి" అంది. సంఘంలో ఎవరైనా వింటే మందలించే మాట అది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఐదో రోజున ఫోను వచ్చింది. "పడింది అంకుల్, ఏడు డిగ్రీల దగ్గర సున్నాకి పడింది" అంది రూబీ. ఏడంటే మన ఏడు కాదు. మంచుగడ్డ కన్నా రెండొందల అరవయ్యారు డిగ్రీలు కింద. మూడు పొరల్లో ఒక్కటే పడింది, మూడోది. మామూలుగా కూడా దాని అడ్డు మిగతావాటికన్నా బాగా తక్కువుందట, పొర అంత శుభ్రంగా వచ్చిందట. మూడోదనగానే ఏసురాజు మనసులో ఏదో చిన్న ముల్లు కదిలింది. ఎందుకు కదిలిందో అతనికే తెలియలేదు. ఆనందంలో మరిచిపోయాడు. త్రిమూర్తులు గారు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి డిపార్ట్‌మెంటంతా పంచారు.

జనవరిలో పేపరు రాసి విదేశీ పత్రిక ఒకదానికి పంపారు. ఏప్రిల్‌లో ప్రశ్నలొచ్చాయి, జవాబులు వెళ్ళాయి. మే నెలాఖరున అచ్చు వేసుకుంటామని మెయిలొచ్చింది. దాంతో రూబీ థీసిస్ గట్టెక్కినట్టే. ఇంకో పెద్ద సంస్థలో ఆమెకి చోటు కూడా దాదాపు ఖాయమైంది, పేపరు అచ్చయితే చాలన్నారు. ఆ జూన్‌లోనే ఏసురాజుకీ సంతకం అయిపోయింది, ఇరవయ్యో ఏడాదికి.

రత్నమాణిక్యం ఊరుకుంటుందా? దేవుడు మేలు చేస్తే సంఘం ముందు చెప్పుకోవాలి, అది వాళ్ళ పద్ధతి. జూన్ రెండో ఆదివారం ఆరాధన తర్వాత కృతజ్ఞతా కూడిక పెట్టించింది. అందరికీ భోజనాలు. రూబీ మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఏసురాజు మగవాళ్ళ వైపు రెండో బెంచీలో, ఇస్త్రీ చొక్కాలో, చెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

రూబీ బాగా చెప్పింది. నాలుగేళ్ళు ఎలా గడిచాయో, ఏడుసార్లు ఎలా ఉత్త చేతులతో వచ్చిందో, అమ్మకి ఏం చెప్పాలో తెలియక రైలు దిగి స్టేషన్లోనే ఎలా కూర్చుండిపోయేదో చెప్పింది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. తర్వాత, "చివర్లో ఒక పెద్ద శోధన, గట్టి పరీక్షే, వచ్చిందండి" అంది.

"మా పేపరు పరీక్షించినవాళ్ళు ఒక ప్రశ్న వేశారు. ఏడు డిగ్రీల దగ్గర సున్నా అయ్యేది సీసం. అది వందేళ్ళ కిందటే తెలిసిన సంగతి. మీ దగ్గర ఎక్కడైనా సీసం కలిసిందా, మీరు చూసింది సీసాన్నేమో, అన్నారు. ఒక రాత్రంతా నాకు నిద్రలేదు. కానీ మా ల్యాబులో తీగలు పెట్టేది ఎవరు? మన ఏసురాజు అంకుల్. వెండి పేస్టు తప్ప ఇంకోటి ముట్టుకోరు. ఆ చేతుల మీద నాకు అంత నమ్మకం. సీసం లేదండి, నూటికి నూరుపాళ్ళు వెండే అని రాసి సంతకం పెట్టాను. వాళ్ళు ఒప్పుకున్నారు. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అంది సంఘమంతా.

సీసమంటే లెడ్డే కదా. ఆ మూడో పొర. ఐరన్ కొస జారిన గీత. ఆరు నెలల కిందట మనసులో కదిలిన ముల్లు ఏంటో ఏసురాజుకి ఇప్పుడు అర్థమైంది. అరిస్తే బాగుండు, లేచి వెళ్ళిపోతే బాగుండు అనిపించింది.

ఈలోగా పాస్టరు ప్రేమ్ కుమార్ అయ్యగారు మైకు తీసుకుని, "ఏసురాజు గారు కూడా వచ్చి రెండు మాటలు చెప్పాలి" అన్నారు. పక్కవాళ్ళు భుజం తట్టి లేపారు. నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల్లో అతను ఎన్ని అనుకున్నాడో. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పేపరు అచ్చవుద్ది, పిల్ల బాగుపడుద్ది, తన ఉద్యోగం ఉంటుంది. ఎప్పుడో ఎవడో పట్టుకుంటే? సంతకం రూబీది. అబద్ధం ఆడింది రూబీ అంటారు. ఏసురాజు అని ఎవడూ అనడు.

మైకు పట్టుకోవడానికి జేబులోంచి చెయ్యి తీయాల్సి వచ్చింది. మైకు గజగజలాడింది. స్పీకర్లో ఆ చప్పుడు అందరికీ వినబడింది.

"నా చెయ్యి వణుకుతోందండి," అన్నాడు. "ఏడాది నుంచీ వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోద్దని భయమేసింది. ఆ రోజు వెండి పేస్టు పెట్టలేకపోయానండి. నా పాత ఐరన్ తీసి లెడ్డుతో అతికించాను. పైన వెండి పూశాను. చెయ్యి జారి మధ్యలో గీత కూడా పడింది. అమ్మాయికి తెలీదండి. లెడ్డంటే సీసమే. ఆ అమ్మాయి రాసింది నిజం కాదండి, తప్పు నాది."

వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ గద్గదంగా, "స్తోత్రం" అంది. ఆ తర్వాత సంఘమంతా, "స్తోత్రం, స్తోత్రం" అంది. చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ళకి అర్థమైంది ఇదే: చేతులు వణుకుతున్నా, పెట్టాల్సిన పేస్టు పెట్టలేకపోయినా, ఏదో పాత సామానుతో దేవుడు ఆ పిల్ల పని జరిపించాడు. అయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏసురాజు చెయ్యి పట్టుకుని పైకెత్తి, "చూశారా, ఈ వణికే చేతుల్ని ప్రభువు ఎలా వాడుకున్నాడో" అన్నారు.

ఏసురాజు రూబీ వైపు చూశాడు. చప్పట్లు కొట్టనిది ఆ ఒక్కతే. పక్కనే తల్లి కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉంది.

భోజనాలు వడ్డిస్తుంటే చర్చి వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చింది రూబీ. ఏసురాజు అక్కడే నిలబడి ఉన్నాడు, ఆమె వస్తుందని తెలుసు.

"గీత ఎక్కడ పడింది అంకుల్? రెండో తీగకీ మూడో తీగకీ మధ్యా?"

"అవునమ్మా."

"అయితే మేం కొలిచింది ఆ గీతనే," అంది. కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది. "ఏప్రిల్‌లో ఆ ప్రశ్న వచ్చినప్పుడు నేను మిమ్మల్ని అడగలేదు. అడిగుంటే చెప్పేవారా?" అంది.

చెప్పేవాణ్ణని అనాలని నోటిదాకా వచ్చింది. జూన్ సంతకం గుర్తొచ్చింది. అబద్ధం ఆడ్డానికి అతనికి నోరు రాలేదు, నిజం చెప్పడానికీ రాలేదు. రూబీ అర్థం చేసుకుంది. లోపలికి వెళ్ళి అందరికీ పెరుగు వడ్డించింది.

సోమవారం త్రిమూర్తులు గారి గదిలో తలుపులేసి ఆయనా రూబీ గంటసేపు మాట్లాడుకున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. పదేళ్ళుగా ఒక్క మంచి పేపరు కోసం మొహం వాచి ఉన్నాడు. "చర్చిలో చెబితే ఎవరికి తెలిసిందమ్మా? ముందు అచ్చవనీ. మళ్ళీ కొలుద్దాం. నిజంగానే పొరలో ఉందేమో, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. ఉందేమో అన్న మాట రూబీకీ తగిలింది. ఆ పొరనే తీసి, అతుకులు గోకి, వెండితో మళ్ళీ పెట్టి చూడాలనుకుంది. గోకితే లెడ్డుతో పాటు పొర మొత్తం లేచిపోయింది. పలక మిగిలింది. ఆ సాయంత్రమే పత్రికకి పేపరు వెనక్కి తీసుకుంటున్నామని రాసేసింది. పెద్ద సంస్థవాళ్ళకి కూడా చెప్పేసింది. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చి, చోటు ఇంకొకరికి ఇచ్చుకున్నారు.

జూలైలో ఇంకోసారి మూడు రోజులు దొరికాయి. ఫెలోషిప్పుకి అదే ఆఖరు. రూబీ కొత్త పొరలు చేసింది. "తీగలు నేనే పెడతాను అంకుల్, నేర్పండి" అంది. ఆ వారం రోజులు ఏసురాజు బతుకులో మరిచిపోలేనివి. కొబ్బరి ఈనె ఎలా చెక్కాలో, చుక్క ఎంతుండాలో, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో, తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నోటితో చెప్పాడు. "ఆరేదాకా కదలకూడదమ్మా. మనసులో పాట పాడుకో. రెండు చరణాలయ్యేసరికి ఆరిపోద్ది." వారానికి ఆ పిల్ల అతనికన్నా బాగా పెట్టింది. రైల్లో మాత్రం మునుపటిలా మాట్లాడుకోలేదు. రూబీ కిటికీలోంచి చూస్తూ కూర్చునేది.

ఆ మూడు రోజులూ ఏసురాజు మోకాళ్ళ మీదే ఉన్నాడని ప్రసన్నకుమారి చెబుతుంది. సీసం లేకుండా కూడా పడాలి, నిజంగానే పొరలో ఉండాలి, తన తప్పు తప్పు కాకుండా పోవాలి. అదే ప్రార్థన. మూడో రోజు సాయంత్రం ఫోను వచ్చింది.

"కాంటాక్టులు బాగా వచ్చాయి అంకుల్. ఒక్కటీ ఊడలేదు. ఇక్కడివాళ్ళు ఎవరు పెట్టారని అడిగారు."

"గ్రాఫులో గీత?"

"రెండు డిగ్రీల దాకా దించాం. మునుపటిలాగే తిన్నగా ఉంది."

"సరే అంకుల్, రైలుకి టైమైంది" అని ఆమే పెట్టేసింది.

ఆగస్టులో కాలేజీవాళ్ళు అతన్ని పిలిచి, ఆరోగ్యం చూసుకోమని చెప్పి, నెల జీతం చేతిలో పెట్టి పంపించారు. ఎవరినీ తప్పుపట్టలేదతను. డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, డాక్టరు ఆ పేరు పెట్టాడు. రూబీ థీసిస్ ఆగిపోయింది. త్రిమూర్తులు గారు వేరే అంశం మీద ఇంకో మూడేళ్ళు చెయ్యమన్నారు, ఫెలోషిప్పు లేకుండా. ఎలా చేస్తుంది? నిడదవోలులో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి సైన్సు చెబుతూ, డీఎస్సీకి చదువుకుంటోంది. తల్లికి మాత్రం పేపరు ఆలస్యమవుద్దని చెప్పింది. రత్నమాణిక్యం ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "మా అమ్మాయిది విదేశాల్లో అచ్చవుతోంది" అని చెబుతుంది.

సంఘంలో ఏసురాజు సాక్ష్యం మాత్రం బతికే ఉంది. అదే అన్నిటికన్నా పెద్ద శిక్ష. ఆదివారం బయటికి రాగానే ఎవరో ఒకరు అతని కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంటారు. జ్వరం వచ్చిన పిల్లని తెచ్చి తల మీద చెయ్యి పెట్టమంటారు. మొదట్లో చెప్పి చూశాడు. "అలా కాదండి, నేను ఆ అమ్మాయిని ముంచేశానండి" అన్నాడు. "ఎంత తగ్గింపు, ఎంత వినయమో చూడండి ఆయనకి" అన్నారు వాళ్ళు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేశాడు. అయ్యగారితో విడిగా కూర్చుని మొత్తం వివరించాడు. ఆయన శ్రద్ధగా విని, "సైన్సు సంగతులు మనకెందుకండి, మీ మనసు దేవుడికి తెలుసు" అన్నారు.

పరీక్షల ముందు ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లలు హాల్‌టిక్కెట్లు, పెన్నులు తెచ్చి బలిపీఠం ముందు బల్ల మీద పెడతారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఈసారి మార్చిలో ఆ ఆదివారం, అయ్యగారు ఏసురాజుని ముందుకి పిలిచి, "ఒక్కొక్కరి కాగితం మీద మీరు చెయ్యి పెట్టండి, నేను ప్రార్థిస్తాను" అన్నారు. కాదనడానికి నోరు తెరిచేలోపే పిల్లలు వరస కట్టేశారు. పది రాసేవాళ్ళు, ఇంటరు రాసేవాళ్ళు. వాళ్ళ మధ్యలోనే రత్నమాణిక్యం రూబీ భుజం పట్టుకుని నిలబెట్టింది.

వాళ్ళ వంతు వచ్చింది. "ఏసురాజు గారూ, డీఎస్సీ అండి మా అమ్మాయికి," అంది రత్నమాణిక్యం. "ఒకసారి మీ చేతుల మీదే మేలు జరిగింది. ఇంకోసారి పెట్టండి."

రూబీ హాల్‌టిక్కెట్టు బల్ల మీద పెట్టింది. ఎనిమిది నెలల తర్వాత ఆమెని అంత దగ్గరగా చూడటం అదే. చిక్కిపోయింది. కళ్ళద్దాలు మారాయి.

"వద్దమ్మా," అన్నాడు ఏసురాజు, ఆమెకి మాత్రమే వినబడేలా.

"పెట్టండి అంకుల్," అంది రూబీ. "అమ్మ చూస్తోంది."

పెట్టాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. చర్చి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అతని చేతి కింద కాగితం రెపరెపలాడటం పెద్దగా వినబడుతోంది. ఆపాలని చూశాడు. ఎడంచేత్తో మణికట్టు పట్టుకున్నాడు. ఆగలేదు. రత్నమాణిక్యం ఏంటా చప్పుడని కళ్ళు తెరవబోయింది.

రూబీ చెయ్యి చాచి అతని చెయ్యి మీద పెట్టి అదిమింది. కదలకుండా, మోచెయ్యి బల్లకానించి, అతను నేర్పినట్టే. ఆ చేతిలో వణుకు లేదు. కాగితం చప్పుడు ఆగింది. ఏసురాజు కళ్ళు మూసుకోలేకపోయాడు, కన్నీళ్ళు చొక్కా మీద పడుతుంటే తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి లేదు.

"ఆమెన్," అన్నారు అందరూ.

రూబీ చెయ్యి తీసేసింది. హాల్‌టిక్కెట్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది. అతని మొహం చూడకుండా పక్కకి జరిగి, వెనకున్న పిల్లకి చోటిచ్చింది. ఆ పిల్ల పదో తరగతి. కొత్త పెన్ను ఒకటి ఏసురాజు చేతి కిందికి తోసి, గట్టిగా కళ్ళు మూసుకుంది.